ఓడ బండెక్కినప్పుడు

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్న సామెత తెలియని తెలుగువాడు ఉండడు. కలిమిలేములు కావడికుండలని చెప్పవలసి వచ్చినప్పుడల్లా మన పెద్దలు దీనినే వాడుతూ వచ్చారు. సుమతీ శతకకారుడు సైతం ఈ పోలికను చేపట్టి కందపద్యంలో బిగించాడు. అయితే ఆ పద్యం గడగడ అప్పగించే పిల్లవానిని నడుమ ఆపి, “ఓడ బండి మీదికి ఎందుకు వస్తుందిరా అబ్బాయీ? ఎక్కిన తరువాత దాన్ని ఎవరు, ఎట్లా నడుపుతారు?” అని అడగండి. బిక్కమొగం వేస్తాడు. తాత్పర్యం చెప్పి ముందుకు సాగిపోవడమే మనకు అలవాటు గాని, ఆ బండి దగ్గర కాసేపు నిలబడి చూడడం అలవాటు కాదు. సామెతలో నీతి మిగిలింది, బొమ్మ చెరిగిపోయింది.

బండి ఓడనెక్కే సంగతి నదీతీరాల వారికి కొత్త కాదు. కృష్ణానదిలో వంతెన లేని రేవుల దగ్గర ఒకనాడు బల్లకట్టు మీద ఎడ్లబండ్లు దాటేవి. తరువాత వాటి చోటికి మోటారు వాహనాలు వచ్చాయి. అందులో చిక్కు తక్కువ. బల్లకట్టు మునగనంతవరకు నీరు ఎదురు చెప్పకుండా మోస్తుంది. ఓడ బండినెక్కడమే అసలు పేచీ. నీటి మీద ఒంటి మనిషి గెడ వేస్తే కదిలే పడవ, నేల మీదికి రాగానే మొండికేస్తుంది. పదిమంది పట్టినా కదలదు; కదిలిన తరువాత ఆగదు; ఆగిన చోట తిరగదు. ఈ మొండితనాన్ని ఇరుకు సందులో, ఇంజను సహాయం లేకుండా, కేవలం మనుషుల చేతులతో లొంగదీయడం ఎట్లాగన్నదే మనకిక్కడ ప్రస్తుతం.

గూడూరు సముద్రపుటొడ్డు ఊరు కాదు. ఆ పేరు చెప్పగానే రైలు కూడలి, అభ్రకపు గనులు, నిమ్మకాయల మార్కెట్టు స్ఫురిస్తాయే గాని పడవలు స్ఫురించవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలో చేరిన ఈ పట్టణానికి తూర్పుగా కోట, వాకాడు మీదుగా సాగిపోతే స్వర్ణముఖి వాలులో పల్లెలు, ఆ పైన బకింగ్‌హాం కాలువ, దానికి అవతల తూపిలిపాలెం, దుగరాజపట్నం వంటి తీరగ్రామాలు, ఆ పైన బంగాళాఖాతం. దక్షిణాన సూళ్లూరుపేట వైపు పులికాటు సరస్సు. ఇంత నీటికి ఇంత చేరువలో ఉండి కూడా గూడూరు నడిబొడ్డుకు పడవ రావాలంటే బండి మీదనే రావాలి. అది వచ్చే రోజు సాధారణంగా మంచిరోజు కాదు.

2015 నవంబరులో ఈశాన్య ఋతుపవనాల వానలు విరుచుకు పడినప్పుడు గూడూరు పరిసరాలలో జాతీయ రహదారి మీదుగా నీరు పారి రాకపోకలు స్తంభించాయి. 2021 నవంబరులో మళ్లీ నెల్లూరు సీమ యావత్తూ వరదలో తడిసింది. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన పెనుతుపానును ఈ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. అటువంటి వేళల్లో సముద్రం మీది పడవకు రెండు ప్రయాణాలు తప్పవు. ఒకటి, ఉప్పెన అందని మెరకకు తానే పారిపోయి తలదాచుకోవడం. రెండవది, నీట చిక్కిన వీధుల్లోకి లోపలికి వచ్చి మనుషులను దాటించడం. రెండింటిలోనూ పెద్దదారి ఉన్నంతవరకు ట్రాక్టరు ఉన్నది, లారీ ఉన్నది. వాటికి తోకగా పడవను మోసే రెండు చక్రాల ట్రైలర్ ఉన్నది. చిక్కంతా చివరి నూరడుగుల దగ్గర. సందు మొదట్లో ట్రాక్టరు ఆగిపోతుంది. డ్రైవరు కొక్కెం విప్పి, “ఇక మీరు చూసుకోండి” అంటాడు. అక్కడి నుంచి మనుషులే ఎద్దులు, మనుషులే సారథులు.

ఈ విద్య మన తీరానికి తాతలనాటిది. ఎందుకంటే ఈ తీరంలో చాలా దూరం వరకు పడవను ఆపుకొనే సహజమైన రేవులు అరుదు. 1626 ప్రాంతంలో ఆంగ్ల వర్తకులు దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ పేరుతో స్థావరం ఏర్పరచుకున్నారు. 1640 నాటికి చెన్నపట్నానికి తరలిపోయారు. ఆ ఓడలు లోతునీటిలో లంగరు వేసుకొని నిలబడేవి. నురగలు కక్కే అలలలో సరకును ఒడ్డుకు చేర్చే భారం స్థానికుల మసూలా పడవలది. మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన పడవలవి. అల ఎత్తి ఇసుక మీద కుదేసినప్పుడు మేకు కొట్టిన పడవైతే పగులుతుంది. కుట్టిన పడవ ఒళ్లు విరుచుకొని ఊరుకుంటుంది. ఒడ్డు తగలగానే పదిమందీ దూకి దానిని ఇసుక మీదికి ఈడ్చేవారు.

చేపల వేటకు వాడే తెప్ప ఇంకా తెలివైనది. మూడు నాలుగు మానులను తాళ్లతో కట్టితే తెప్ప. అరవంలో కట్టుమరం అన్న ఆ మాటే ఆంగ్లంలోకి పోయి ప్రపంచమంతా తిరుగుతున్నది. వేట ముగించి వచ్చినవారు ఒడ్డున కట్లు విప్పేసేవారు. తెప్ప మానులుగా విడిపోయేది. ఇద్దరిద్దరు ఒక్కొక్క మానును భుజానికెత్తుకొని, ఎండబెట్టేందుకు ఏ మెరకకైనా, ఏ ఇరుకులోకైనా అవలీలగా పోయేవారు. పెద్ద బరువును ఇరుకులో నడపడానికి ఉన్న ఉపాయాలలో ఇదే మొదటిది: బరువును బరువుగా ఉండనీయకపోవడం. నేడు వరద సహాయక దళాలవారు తెచ్చే రబ్బరు పడవ కూడా ఈ కుదురులోదే. గాలి తీసి చుట్టగా చుట్టి, సందులో మోసుకుపోయి, నీటి అంచున గాలి నింపుతారు. దాని ముందు మన తెప్పను పాతకాలపు మోటు వస్తువని చిన్నచూపు చూడడం నాకు సమంజసంగా తోచదు. రెండింటి వెనక ఉన్నది ఒకే బుద్ధి.

కట్టు విప్పడానికి వీలులేని పడవలు వచ్చిన తరువాత కథ మారింది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యాన మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, ఒడ్డుకెక్కగల ఫైబర్ పడవలను రూపొందించి మన తీరంలో పరీక్షించింది. పడవతో పాటు దానిని పైకి లాగే సాధనాలను గురించి కూడా ఆలోచించవలసి వచ్చిందంటే సమస్య ఎక్కడున్నదో తెలుస్తుంది. నిలువుగా పాతిన దుంగకు అడ్డకర్రలు దూర్చి నలుగురు చుట్టూ తిరిగితే మోకు చుట్టుకొని పడవ పైకి వచ్చే యంత్రం అటువంటి సాధనాలలో ఒకటి. గానుగ చూసినవారికి దాని వరస వివరించనక్కరలేదు. నేడు ఈ పనిని చాలా చోట్ల ట్రాక్టరు చేస్తున్నది. ఫైబర్ పడవ ముక్కలు కాదు, మడత పడదు. అది ఎంత పొడవో అంత పొడవుగానే సందులోకి రావాలి.

ఇప్పుడు బండి సంగతికి వద్దాం. రెండు చక్రాల ట్రైలర్ అనే దానిని చూసి కొత్త యంత్రమనుకోనక్కరలేదు. అది ఎద్దులు విప్పిన ఎడ్లబండి. ఇరుసు ఉన్నది, రెండు గాండ్లున్నాయి, కాడి ఉండవలసిన చోట కొక్కెం ఉన్నది, ఇరుసును కొక్కేన్నీ కలిపే నొగ ఉన్నది. బండి తోలినవానికి దీని గుణమంతా పుట్టుకతో తెలిసినదే. మన పాఠశాలల్లో తులాదండం చెప్పేటప్పుడు కత్తెర, అడకత్తెర, త్రాసు ఉదాహరణలుగా చూపుతారు. బడి ముందు నిలబడి ఉన్న బండిని చూపేవారు అరుదు. దాని నొగను మించిన తులాదండం ఊళ్లో మరొకటి లేదు.

లెక్క వేసి చూద్దాం. పడవ, బండి కలిపి 600 కిలోల బరువనుకోండి. దీనిని నిలువునా ఎత్తాలంటే పది పదిహేనుమంది కావాలి. చదునైన గట్టి నేల మీద, గాలి సరిగా ఉన్న రబ్బరు చక్రాల మీద దొర్లించడానికి బరువులో నూటికి రెండు మూడు వంతుల బలం చాలు; అంటే 12 నుంచి 18 కిలోలు. బిందె మోసే బలం! అదే బండి పొడి ఇసుకలో దిగిందా, నూటికి ఇరవై ముప్పై వంతులు కావాలి. 120 నుంచి 180 కిలోలన్నమాట. పదడుగులకు ఒక అడుగు లేచే వాలు అడ్డం వస్తే నేల ఎటువంటిదైనా దానికి మరొక 60 కిలోలు కలుపుకోవాలి. బరువు మారలేదు, మనుషులు మారలేదు, చక్రం కింది నేల మారింది. కనుక అనుభవజ్ఞుడు బండిని పట్టుకొనే ముందు నేలను చూస్తాడు. ఇసుక ఉంటే పలకలు పరిపిస్తాడు. తాటిమట్టలో, కొబ్బరిమట్టలో వేయిస్తాడు. చక్రంలో కొంత గాలి తీయిస్తాడు. మెత్తబడిన చక్రం వెడల్పుగా పరుచుకొని ఇసుకలో కూరుకుపోవడం తగ్గుతుంది. గట్టి నేల రాగానే మళ్లీ గాలి నింపిస్తాడు. అక్కడ మెత్తటి చక్రం తోసేవాని పాలిట శత్రువు.

ఇక బరువు ఎక్కడ నిలవాలన్నది. పడవను ఇరుసు మీద సరిగా తూచినట్లు నిలబెడితే నొగ తేలికగా ఉంటుంది. పట్టుకున్నవాని నడుముకు సుఖం. కాని వెనక ఎవడైనా చేయి ఆనించాడో, పడవలో నీరు వెనక్కు పారిందో, తోక కిందికి దిగి నొగ గభాలున పైకి లేస్తుంది. పట్టుకున్నవాని గడ్డం పగులుతుంది. పోనీ అని బరువు ముందుకు జరిపితే నొగ కిందికి కుంగి ఇద్దరికి కూడా లేవదు. నొగ మీద కొద్దిపాటి బరువుండాలి, ఎక్కువ ఉండరాదు. పడవలో నిలిచిన వాననీటిని తోడివేయకుండా బండిని కదిలించరాదని చెప్పడం అందుకే. నిలకడ లేని నీరు నిలకడ లేని బరువు. కొన్ని ట్రైలర్లకు నొగ కింద చిన్న చక్రం బిగించి ఉంటుంది. అది ఉన్నప్పుడు ఆ బరువు నేలే మోస్తుంది, మనిషి దిక్కు చూపితే చాలు. మన బండివాండ్లు నొగ కింద పెట్టే ఊతకర్రకు కాలు బదులు చక్రం వచ్చినదనుకోండి.

తిప్పడంలో ఉన్నది అసలు చమత్కారం. కొత్తవారు చేసే పొరపాటు ఏమిటంటే, బండి పక్కకు రావాలనుకున్నప్పుడు పడవను భుజాలతో పక్కకు నెట్టడం. అది రాదు. చక్రం ముందుకు వెనక్కు దొర్లుతుంది గాని పక్కకు దొర్లదు. పక్కకు నెట్టితే దానిని ఈడ్చడమే అవుతుంది. చేయవలసిన పని వేరు. ఒక చక్రానికి ముందూ వెనకా దిమ్మలు పెట్టి బంధించి, నొగ కొసను పట్టుకొని పక్కకు నడవాలి. బంధించిన చక్రమే నడిమి మేకుగా బండి యావత్తూ గుండ్రంగా తిరుగుతుంది. ఇరుసు నుంచి నొగ కొసకు 3 మీటర్లు, చక్రాల నడుమ మీటరున్నర ఎడం ఉన్నదనుకుంటే, రెండవ చక్రాన్ని దాని దగ్గరే తోయడానికి పట్టే బలంలో సుమారు సగం, నొగ కొస దగ్గర సరిపోతుంది. బదులుగా నొగ పట్టినవాడు రెట్టింపు దూరం నడవాలి. ప్రకృతి ఊరికే ఏదీ ఇవ్వదు గదా! కుడిచక్రాన్ని ఆపి కొంత, ఎడమచక్రాన్ని ఆపి కొంత తిప్పుతూ పోతే, బండి పీత నడకలో పక్కకు జరుగుతుంది. ఇంటికి, గోడకు నడుమ జానెడు చోటులోకి బండిని చేర్చేది ఈ నడకే.

వెనక్కు నడిపేటప్పుడు మరొక వింత. పడవ తోక కుడివైపు పోవాలంటే నొగను ఎడమవైపు నెట్టాలి. ఎడమవైపు పోవాలంటే కుడివైపు. చెప్పితే ఒక్క ముక్క, చేతికి రావడానికి మాత్రం కొంత కాలం పడుతుంది. నెల్లూరు సీమలో బండి వెనక్కు పెట్టడం వచ్చిన కుర్రవాడు ఈ పాఠం పుస్తకంలో చదవడు. ఆ పాఠం చదివిన పట్టభద్రుడు ట్రాక్టరెక్కి ట్రాలీని వెనక్కు పెట్టబోతే అది పాములా మెలి తిరుగుతుంది.

ఇంతవరకు బండి గొడవ. ఇప్పుడు సందు మలుపు. లెక్కల మేష్టర్లకు ఇందులో మంచి విందు ఉన్నది. 3 మీటర్ల వెడల్పు గల సందు నిలువు కోణంలో మరొక 3 మీటర్ల సందులోకి తిరుగుతున్నది. సన్నని వెదురుగడను నేలకు సమాంతరంగా పట్టుకొని ఆ మూల తిప్పాలంటే అది ఎంత పొడవు ఉండవచ్చును? వెడల్పుకు రెండు రెట్లు వేసి రెండు వర్గమూలంతో గుణించాలి, సుమారు 8.5 మీటర్లు వస్తుంది. గడకు వెడల్పు లేదు కనుక అంత. పడవకు వెడల్పున్నది. దానిని దీర్ఘచతురస్రంగా భావించుకుంటే, ఆ 8.5 లో నుంచి పడవ వెడల్పుకు రెండింతలు తీసివేయాలి. 1.6 మీటర్ల వెడల్పు గల పడవైతే మిగిలేది సుమారు 5.3 మీటర్లు. అంటే 6 మీటర్ల పడవ ఆ మూల తిరగదు. ఎంతమంది తోసినా తిరగదు. ముక్కు ఒక గోడకు, తోక మరొక గోడకు తగులుకొని, నడుమ లోపలి మూల పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. నిజమైన పడవ ముక్కు సన్నగా ఉంటుంది కనుక కొంత వెసులుబాటు దొరకవచ్చును గాని దానిని నమ్ముకొని వరదరాత్రి బయలుదేరరాదు.

అప్పుడేమి చేయాలి? పడవను బండి మీద నుంచి దింపి, పక్కకు వాల్చాలి. 1.6 మీటర్ల వెడల్పు నిలువుగా లేచి, 0.7 మీటర్ల లోతు ఇప్పుడు వెడల్పు స్థానంలోకి వస్తుంది. మళ్లీ లెక్క వేస్తే 7 మీటర్ల పడవకు కూడా తోవ దొరుకుతున్నది! మంచం గదిలోకి పట్టనప్పుడు మన ఆడవారు దానిని పక్కకు తిప్పి ద్వారం దాటించరా? ఇదీ అంతే. మరొక ఉపాయం, బండి మీదనే ఉంచి నొగను కిందికి వంచి తోకను పైకి లేపడం. ఏటవాలుగా లేచిన పడవ నీడ నేలమీద పొట్టిది. దాని తోక ప్రహరీ గోడ మీదుగా గాలిలో తిరిగిపోతుంది. గోడ పొట్టిదైతే ఇదే సుళువు. విద్యుత్తు తీగలున్న సందులో మాత్రం ఈ ఉపాయాన్ని తలపెట్టరాదు. వరదలో తెగి వేలాడే తీగకు దీనికంటె పెద్ద ఆహ్వానం లేదు.

కదలని పడవ కదిలిన తరువాత ఆగదని మొదట అన్నాను. దాని సంగతి తెలుసుకోవాలంటే శ్రీకాళహస్తిలో మహాశివరాత్రి ఉత్సవాలప్పుడో, తిరుమల బ్రహ్మోత్సవాల ఎనిమిదవ నాడో రథోత్సవం చూడాలి. జనం కళ్లు దేవుని మీద, మోకు లాగే వేలచేతుల మీద ఉంటాయి. నేను చూడమనేది చక్రాల దగ్గర వంగి నడిచే ఆ కొద్దిమందిని. పాత పద్ధతి తేరుకు పగ్గం లేదు, కళ్లెం లేదు, తిప్పే చుక్కాని లేదు. చక్రం కింద ఏటవాలు చెక్క దిమ్మను ఏ పక్క, ఏ క్షణాన, ఎంత లోతుగా వేశారన్నదాని మీదనే తేరు తిరగడం, ఆగడం ఆధారపడి ఉన్నది. లాగేవారు వేగాన్ని ఇస్తారు. దిమ్మ వేసేవాడు దానికి దిక్కునూ అంతాన్నీ ఇస్తాడు. అతని చేయి ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పడవ బండికీ ఈ మనిషి ఉండాలి. ఎనిమిదిమంది తోస్తున్నప్పుడు తొమ్మిదవవాడు తోయకుండా, దిమ్మ చేతబట్టుకొని చక్రం వెంట నడవాలి. అందరిలోకీ అనుభవజ్ఞునికే ఆ పని అప్పగించడం న్యాయం. మనవాళ్లు దీనికి విరుద్ధంగా ఏ పసివానినో పిలిచి, “ఒరే, నువ్వు ఆ రాయి పట్టుకోరా” అంటారు. బరువు మోయలేడు కనుక అతనికి తేలిక పని ఇచ్చామని వారి ఊహ. అది తేలిక పని కాదు. వాలు మీద వెనక్కు జారే 600 కిలోలకు అడ్డుపడవలసిన పని. దిమ్మను చేత్తో చక్రం కిందికి తోయరాదు, కొయ్యపిడి ఉన్న దిమ్మను వాడాలి. వాలు దిగేటప్పుడు బండికి ముందు ఎవరూ నడవరాదు. వెనక నుంచి మోకుతో పట్టి, ఆ మోకును ఏ చెట్టుకో స్తంభానికో రెండు చుట్లు తిప్పి, కొద్దికొద్దిగా వదలాలి. చెట్టుకు చుట్టిన రెండు చుట్ల రాపిడి పదిమంది పట్టుకు సాటి. గోడకూ పడవకూ నడుమ మనిషి నిలవరాదన్నది చివరి మాట గాని, చెప్పవలసిన వరుసలో మొదటిది.

యంత్రాలు ఇన్ని ఉన్న రోజుల్లో ఈ చేతిపనుల గోలెందుకని ఎవరైనా అడగవచ్చును. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వచ్చిన మహావరదలో కొట్టుకువచ్చిన భారీ ఇనుప పడవలు విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకొని అక్కడే చిక్కుకున్నాయి. పెద్ద క్రేన్లు తెచ్చి లాగారు, రాలేదు. ఈతగాళ్లు మునిగి ఇనుమును కోసి చూశారు, అదీ సాగలేదు. చివరకు రెండు పెద్ద పడవలను ఇనుప దూలాలతో జంటగా కట్టి, గొలుసు కప్పీలతో మునిగిన పడవను పైకెత్తి, నీటి తేలుడు బలంతోనే ఒడ్డు వైపు నడిపించారు. రోజుల తరబడి సాగిన ఆ పనిని పత్రికలలో చదివినప్పుడు నాకు బలం తక్కువై పని ఆగిందని అనిపించలేదు. ఇరుకు చోటులో బలానికి నిలబడే చోటే ఉండదు. క్రేను చేయి చాచడానికి ఆకాశం కావాలి, కాళ్లు ఆనించడానికి నేల కావాలి. మనిషి చేతికి అడుగు చోటు చాలు.

చేతులు ఎన్ని ఉన్నా అవి ఒకేసారి పని చేయకపోతే లాభం లేదు. ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న దానిని కదలనిస్తూ ఉండడానికి కావలసిన బలం కంటె ఎక్కువ. ఎనిమిదిమంది ఒకరి తరువాత ఒకరుగా తోస్తే ఆ మొదటి గడప దాటదు. ఎనిమిది తోపులూ వృథా. అందరూ ఒకే క్షణాన తోస్తే దాటుతుంది. ఆ క్షణాన్ని తెచ్చేది గడియారం కాదు, గొంతు. పల్లెకారులు ‘హైలెస్సా’ అని అందుకునే పదానికి అర్థం వెదికి నిఘంటువులు తిరగవేయడం వృథా ప్రయాస. ముందు సాగే దీర్ఘంలో ఊపిరి పీల్చుకొని కాలు నిలదొక్కుకుంటారు, చివరి ఒత్తులో బలం పెడతారు. దాని అర్థమంతా ఆ ఒత్తులో ఉన్నది. గొంతెత్తేవాడు ఒక్కడే ఉండాలి. ఇద్దరు అరిస్తే బండి ఆగిపోతుంది. ‘ఆపు’ అన్న మాట మాత్రం ఎవరైనా అనవచ్చును, అన్నప్పుడు అందరూ ఆగాలి. ఓడరేవుల్లోనూ, తేరు దగ్గరా, తూపిలిపాలెం ఇసుకలోనూ ఈ కట్టుబాటు ఒక్కటే.

ఇదంతా ఉపాధ్యాయులకు, విద్యార్థులకు చెప్పడం ఎందుకంటే, తుపాను వచ్చినప్పుడు మన సీమలో జనం చేరేది బడికే. ఊళ్లో గట్టి కట్టడం అదే, మెరక మీద ఉన్నదీ చాలా చోట్ల అదే. పడవ రావలసినది కూడా ఆ గుమ్మానికే. ముసలివారిని, బాలింతలను దాటించవలసిన పడవ నూరడుగుల దూరంలో మూల దగ్గర ఇరుక్కొని ఉన్నదంటే, లోపల ఉన్నవారికి అది లేనట్టే. ఆ రాత్రి లెక్క వేసే తీరిక ఎవరికీ ఉండదు. ఎండగా ఉన్న ఏ శనివారమో వేసిపెట్టుకోవచ్చును.

దానికి పెద్ద పరికరాలక్కరలేదు. ముందు తరగతిలోనే పని మొదలుపెట్టవచ్చును. అట్టముక్కను పడవ ఆకారంలో కత్తిరించి, రెండు గుండీలను చక్రాలుగా, పుల్లను నొగగా అమర్చి, బల్ల మీద పుస్తకాలను గోడలుగా నిలిపితే సందు తయారవుతుంది. పడవ ఎక్కడ తగులుకుంటుందో, పక్కకు వాల్చితే ఎట్లా పోతుందో పిల్లలే కనిపెడతారు. నొగను అటు నెడితే తోక ఇటు పోవడం చూసి నవ్వుకుంటారు. తరువాత కొలత టేపు, సుద్దముక్క, ఒక నోటుబుక్కు పట్టుకొని బడి గేటు నుంచి పెద్దరోడ్డు దాకా నడవాలి. ప్రతి సందు వెడల్పూ ఎక్కడ అన్నింటికంటె ఇరుకో అక్కడ కొలవాలి. నడుమ ఉన్న చోట కాదు. అరుగులు, మెట్లు, కరెంటు స్తంభాలు, మురుగుకాలువ బండలు, వేలాడే తీగల ఎత్తు రాసుకోవాలి. మూల మూలకు సుద్దతో గుర్తు పెట్టి, 6 మీటర్ల తాడును ఇద్దరు చెరొక కొస బిగించి పట్టుకొని తిరిగి చూడాలి. తాడు తిరగని మూల పడవ తిరగదు. తాడు తిరిగిందంటే వెడల్పు లెక్క వేసి చూడాలి. గూడూరులో ఒక బడికి మూడు మూలలు రావచ్చు, కోటలో ఒకదానికి ఒక్కటీ రాకపోవచ్చు. ఏ మూల దగ్గర పడవను బండి నుంచి దింపి వాల్చాలో, ఏ స్తంభానికి మోకు చుట్టవచ్చునో, ఎవరి ఇంటి ముందరి బండను ముందుగా అడిగి జరిపించుకోవాలో ఆ నోటుబుక్కులో ఎక్కితే, దానిని ప్రధానోపాధ్యాయుల బీరువాలో హాజరుపట్టీల పక్కన పెట్టి, నకలొకటి పంచాయతీ కార్యాలయానికి ఇచ్చి రావచ్చును.